ఎవరి పోలిక?

మా వైపు ఇంట్లో పసిబిడ్డ పుడితే చాలు, ఆడవాళ్ళు ఆస్తి పంపకాలకి కూర్చున్నట్టు కూర్చుంటారు. ముక్కు తాతగారికి, నుదురు మేనత్తకి, చెవితమ్మెలు ఎప్పుడో కాశీలో పోయిన ముత్తవ్వకి పంచేసి, చివరికి కన్నతల్లికి బిడ్డ ఏడుపు తప్ప ఏమీ మిగల్చరు. మా ఆవిడ ఈ విద్యలో దిట్ట. పెళ్ళిపందిట్లో కూర్చుని, ముఖం కనపడకుండా నడక మాత్రం చూసి "ఈ పిల్లాడు ఫలానా వారి మనవడు కదూ?" అంటుంది. నూటికి తొంభై పాళ్ళు నిజమే అవుతుంది. మిగతా పది పాళ్ళ సంగతి తను ఎత్తదు, నేను అడగను.

ఈ పంపకాల్లో వాటా లేని పిల్ల మా కుటుంబంలో ఒకతె వుంది. మా అక్కయ్య కూతురు. పదకొండు రోజుల పసికందుగా వున్నప్పుడు అక్కయ్యా బావగారూ తెచ్చుకుని, చట్టప్రకారం కాగితాలు రాయించుకుని పెంచుకున్నారు. ఈ సంగతి పిల్లకి ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. మాలో ఎవరూ దాచలేదు. కొత్తవాళ్ళెవరైనా "అమ్మాయి ఎవరి పోలికండీ?" అంటే అక్కయ్య "దాని పోలికే" అనేసి కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళిపోయేది. కాఫీ ఎప్పుడూ కొంచెం ఆలస్యంగా వచ్చేది.

ఆ పిల్లకి ఇప్పుడు ఇరవయ్యారేళ్ళు. రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, దూరాన ఒక ప్రయోగశాలలో పరిశోధన చేస్తోంది. ఏమిటా పరిశోధన అంటే, కోట్ల ఏళ్ళ కిందట రాలిపడి రాళ్ళలో ఇరుక్కుపోయిన ఆకుల్ని తీసి, వాటి మీద కంటికి కనపడని వెలుగు వేసి, ఏ ఆకు ఏ కుటుంబానిదో కనుక్కోవడం. ఈ మాట వినగానే మా ఆవిడ నావైపు అదోలా చూసింది. "మనసులో ఎక్కడో వుండే వుంటుంది, పాపం" అంది పిల్ల అవతలికి వెళ్ళాక. నాకూ అలాగే తోచి, మర్నాడు మెల్లిగా అడిగాను. అది పకపకా నవ్వి, "సీటు ఎక్కడ దొరికితే అక్కడ చేరాను మావయ్యా, అంతే" అంది. తెలుగు మాస్టర్లకి ప్రతిదానికీ ధ్వని వెతకడం అలవాటు. ఎదుటివాళ్ళు ఒక్కోసారి వాచ్యార్థమే చెబుతారు.

మొన్న సంక్రాంతికి అక్కయ్యా, బావగారూ, పిల్లా మా ఇంటికే వచ్చారు. నాలుగు రోజులు సావిట్లో కూర్చుని నేను దాని దగ్గర పాఠం చెప్పించుకున్నాను. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్పేవాడికి వినడం కొంచెం కష్టమే. అయినా ఆ పాఠం నాకు నచ్చింది. మీకూ చెబుతాను.

రాలిన ఆకు రాలినట్టే మట్టిలో కలిసిపోతుంది. అలా కాక ఎక్కడో ఒక ఆకు చెరువు అడుగునో ఏటి ఒండ్రులోనో గాలి సోకకుండా పూడిపోతుంది. మీద మట్టి పేరుకుంటుంది, బరువు పెరుగుతుంది, మట్టి రాయి అవుతుంది. లోపలి రసం, పచ్చదనం అన్నీ పోతాయి. కాని ఆకు చర్మం ఒకటుంది చూశారూ, అది మొండిది. తామరాకు మీద నీటిబొట్టు నిలవదని పద్యాలు చెప్పేటప్పుడు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ బొట్టును జారిపోయేట్టు చేసే మైనం సంగతి మటుకు ఎన్నడూ ఆలోచించలేదు. మామిడాకైనా, మర్రాకైనా పైన సన్నటి మైనపు పొర వుంటుంది. ఆ మైనంతో కలిసి క్యూటిన్ అనే పదార్థం వుంటుంది. నీళ్ళకి కరగదు, తేలిగ్గా కుళ్ళదు. అదృష్టం బాగుంటే 20 కోట్ల ఏళ్ళయినా రాతి పొరల మధ్య నల్లటి కాగితంలా మిగిలి వుంటుంది. రాతిని కరిగించడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడతారట. అది గాజునే తినేస్తుంది గనక ప్లాస్టిక్ సీసాల్లో దాస్తారు. "జాగ్రత్తమ్మా" అన్నాను. "అమ్మ రోజూ ఫోన్ చేసి అంటూనే వుంది" అంది.

ఇక కనపడని వెలుగు మాట. 1800లో విలియం హెర్షెల్ అనే ఆయన, అదివరకే యురేనస్ గ్రహాన్ని కనిపెట్టిన హెర్షెలే, సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడదీసి ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకం పెట్టి చూశాడు. ఎరుపు దాటి, ఏ రంగూ లేని చీకటి చోట పెట్టినా పాదరసం పైకి ఎక్కింది. అక్కడ వేడి వుంది, అంటే కిరణం వుంది. ఎరుపుకి అవతల వుంది గనక దాన్ని మనవాళ్ళు పరారుణ కిరణం అన్నారు. పేరు బాగుంది.

ఈ కిరణం ఆకుని ఏం చేస్తుంది? మీరు చిన్నపిల్లల్ని ఉయ్యాల ఊపే వుంటారు. ఉయ్యాల వెనక్కి వచ్చి తిరిగి ముందుకి పోబోయేప్పుడు తోస్తే పైకి లేస్తుంది. వేళ తప్పి తోస్తే తోసినవాడి మణికట్టు నొప్పెడుతుంది, ఉయ్యాల కదలదు. అణువులో పరమాణువుల మధ్య బంధాలన్నీ ఇలాంటి ఉయ్యాలలే. కర్బనం–ఉదజని బంధానికి ఒక వేగం, కర్బనం–ఆమ్లజని బంధానికి వేరొక వేగం. తన వేగానికి సరిపోయే కిరణం తగిలితే బంధం దాన్ని తాగేసి ఊగుతుంది. సరిపోని కిరణాలు అవతలికి దాటిపోతాయి. దాటి వచ్చిన వాటిలో ఏవి లోపించాయో చూస్తే లోపల ఏ బంధాలున్నాయో తెలుస్తుంది. పెళ్ళిభోజనాలయ్యాక ఏ గిన్నె ఖాళీ అయిందో చూసి వచ్చినవాళ్ళు ఏ వూరివాళ్ళో చెప్పే వంటబ్రాహ్మడు మీకు తెలిసే వుంటాడు. అదీ ఇదీ ఒకటే.

పిల్ల తన కంప్యూటర్ తెరిచి రెండు గీతలు చూపించింది. కొండల వరసని తలకిందులు చేసి గీసినట్టున్నాయి. ఒకటి వాళ్ళ ఆవరణలో కోసిన మామిడాకుది. రెండోది రాతిలోంచి తీసిన ఆకుది. కిరణాలని సెంటీమీటరుకి ఎన్ని అలలు అనే లెక్కన కొలుస్తారు. 2920 దగ్గర ఒక లోయ, 2850 దగ్గర ఇంకొక లోయ రెండు గీతల్లోనూ వున్నాయి. పొడుగాటి మైనపు గొలుసుల్లో వుండే కర్బనం–ఉదజని బంధాల గుర్తులు అవి. మనిషి అన్నవాడు పుట్టకముందు, పక్షులు కూడా లేనప్పుడు రాలిన ఆకు. నిరుడు కోసిన మామిడాకు. ఆ రెండు లోయలు అక్కడే వున్నాయి. నేను కాసేపు మాట్లాడలేదు. మా ఆవిడ మాత్రం వంటింట్లోంచి వచ్చి చూసి "ఇవి రెండూ అక్కాచెల్లెళ్ళా?" అంది. "కాదత్తయ్యా, ఆకు అన్నదానికల్లా ఈ రెండూ వుంటాయి. మనిషన్నవాడికి రెండు కళ్ళున్నట్టు. పోలిక చూడాలంటే ఇంకా కిందకి రావాలి" అని 1710 దగ్గరా, 1600 దగ్గరా చిన్నచిన్న గుంటలు చూపించింది. మొదటిది కర్బనానికీ ఆమ్లజనికీ మధ్య జంటబంధం గుర్తు, రెండోది కర్బనపు వలయాల గుర్తు. వీటి లోతుల నిష్పత్తులు, పక్కన వుండే వంకర్లు, ఇవన్నీ వందల ఆకులకి లెక్కకట్టి, ఏది దేనికి దగ్గరో గణితంతో గుంపులు కడతారు. కంటితో చూసి "తాతగారి ముక్కు" అనడం వుండదు.

ఇంత అవస్థ ఎందుకంటే, ఆకుల విషయంలో కన్ను చాలాసార్లు దారి తప్పిస్తుంది. బంగళాల ముందు తొట్లలో కొబ్బరీ ఈతా కలిసి పుట్టినట్టు వుండే సైకస్ మొక్క మీరు చూసే వుంటారు. డైనోసార్ల కాలంలో అచ్చు అలాంటి ఆకులే వేసుకుని బెన్నెటైట్లు అనే చెట్లుండేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. మన దేశంలో రాజమహల్ కొండల్లో దొరికిన వాటి శిలాజాల నుంచి బీర్బల్ సాహ్నీ 1932లో ఒక చెట్టు రూపమంతా కూర్చి చూపించాడు. (ఆ మహానుభావుడు 1949 ఏప్రిల్ 3న లక్నోలో తన సంస్థకి నెహ్రూగారి చేత పునాదిరాయి వేయించాడు. ఆ రాయిలోనే దేశదేశాల శిలాజాలు పొదిగాడు. సరిగ్గా వారానికి కన్నుమూశాడు.) ఆకు చూస్తే సైకస్, పువ్వులాంటి భాగం చూస్తే సైకస్ కాదు. ఆకు ఒక చోట, పువ్వు ఇంకొక చోట రాలే శిలాజాల లోకంలో ఎవరు ఎవరి చుట్టం?

1930ల్లో స్వీడన్ దేశపు రుడాల్ఫ్ ఫ్లోరిన్ ఆకు చర్మాన్ని సూక్ష్మదర్శినిలో చూసి ఒక భేదం పట్టుకున్నాడు. ఆకు ఊపిరి పీల్చే రంధ్రాలకి అటూ ఇటూ కణాలుంటాయి. బెన్నెటైట్లలో రంధ్రం కణాలూ వాటిని ఆనుకున్న కణాలూ ఒకే తల్లికణానికి పుట్టినవనీ, సైకస్ జాతిలో ఆనుకున్న కణాలు వేరే ఇంటినుంచి వచ్చినవనీ చెప్పాడు. ఒకచోట తోబుట్టువులు, ఒకచోట ఇరుగుపొరుగు. ఈ లెక్కన బెన్నెటైట్లు వేరు, సైకస్‌లు వేరు. నిల్సోనియా అని ఇంకొక పాత ఆకు వుంది. దానివి సైకస్ తరహా రంధ్రాలు. కనక దాన్ని సైకస్ కుటుంబంలో కలిపేశారు. చాలాకాలం అక్కడే వుంది.

2017లో లుండ్ విశ్వవిద్యాలయం, స్టాక్‌హోమ్‌లోని స్వీడన్ ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాల, విల్నియస్ విశ్వవిద్యాలయం వారు కలిసి, వివి వైదా అనే ఆవిడ ముందుండగా, స్వీడన్, గ్రీన్‌లాండ్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ రాళ్ళలో దొరికిన ఆకుల మీద ఈ పరారుణ పరీక్ష చేశారు. వాళ్ళు చేసిన పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఏమిటంటే, సందేహం వున్న ఆకుల జోలికి ముందుగా పోలేదు. చుట్టరికం స్పష్టంగా తెలిసిన మొక్కల్నే మొదట పరీక్షించారు. లుండ్ వృక్షోద్యానంలో కోసిన పచ్చి ఆకులు తెచ్చారు. గింకోలు గింకోలతో, శంకుఫల వృక్షాలు తమ వాళ్ళతో వచ్చి చేరాయి. బతికివున్న మొక్కల్లో డీఎన్‌ఏ చెప్పే చుట్టరికానికి ఇది సరిపోయింది. అప్పుడు గాని బెన్నెటైట్లనీ నిల్సోనియానీ బోను ఎక్కించలేదు. ఎక్కిస్తే ఆ రెండూ దగ్గర చుట్టాలనీ, సైకస్‌కి ఇద్దరూ దూరమేననీ తేలింది!

డీఎన్‌ఏ చూసేస్తే పోదా అంటారేమో. నేనూ అన్నాను. అది అంత కాలం నిలవదు. 2022లో గ్రీన్‌లాండ్ ఉత్తరాన మట్టిలోంచి తీసిన డీఎన్‌ఏ సుమారు 20 లక్షల ఏళ్ళ నాటిది. అంతకన్నా పాతది దొరికిందన్న వార్త అప్పటికి లేదు. ఇక్కడ మాట 20 కోట్ల ఏళ్ళది.

ఈ కథ వింటున్నంతసేపూ నాకు మా తరగతి గదే గుర్తొచ్చింది. తెలుగు నిఘంటువు తెరిస్తే సంస్కృత శబ్దాలు కుప్పలుగా కనిపిస్తాయి. ఆ ముఖం చూసి పెద్దపెద్ద పండితులే తెలుగుని సంస్కృతం కూతురన్నారు. 1816లో మద్రాసులో అచ్చయిన కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక వివరణ రాసి, ధాతువుల పట్టికలు పక్కపక్కన పెట్టి, తెలుగు, తమిళం, కన్నడం ఒక ఇంటి బిడ్డలని చూపించాడు. కాల్డ్‌వెల్ తన పెద్ద పుస్తకం వేసింది ఆ తరవాత నలభై ఏళ్ళకి, 1856లో. పైన కనిపించే పెద్దమాటలు అరువు తెచ్చుకోవచ్చు. 'రెండు', 'మూడు' అనే లెక్కలు, 'నేను', 'నువ్వు' అనే మాటలు, తినడం, చూడటం, పోవడం చెప్పే క్రియలు అంత తొందరగా అరువు రావు. ఏటా ఈ పాఠం చెబుతాను. ఏటా వెనక బల్ల మీద ఒక కుర్రాడు "అయితే సంస్కృతానికీ మనకీ ఏమీ సంబంధం లేదా సార్?" అని దిగులుగా అడుగుతాడు. లేకేం నాయనా, రెండువేల ఏళ్ళు ఒకే కప్పు కింద పెరిగాం అంటాను.

పిల్లకి ఈ మాట చెబితే, "మీకు అరువు మాటలు అడ్డొచ్చినట్టే మాకు రాయి అడ్డొస్తుంది మావయ్యా" అంది. ఆకు మీద పేరుకున్న మట్టి బరువు, కింద భూమి వేడి, పక్కన ఎక్కడైనా లావా పారితే దాని సెగ, ఇవన్నీ ఆకు రసాయనాన్ని మార్చేస్తాయి. వేడి ఎక్కువయ్యేకొద్దీ ఆమ్లజని బంధాలు పోతాయి, పొడుగు గొలుసులు తెగుతాయి, వలయాలు మిగులుతాయి. చివరికి అంతా బొగ్గే. ఏ కూర మాడినా మాడువాసన ఒకటే కదా! మాడిన వంకాయనీ మాడిన బెండకాయనీ వాసన చూసి అక్కాచెల్లెళ్ళన్నవాడు మోసపోయినట్టే. అందుకని కొంచెం సెగ మాత్రమే తగిలినవాటినే ఎంచుకోవాలి. ఒకే రాతిపొరలోని వేరువేరు ఆకుల్ని పోల్చాలి, వేరువేరు పొరల్లోని ఒకే ఆకునీ పోల్చాలి. ఆమ్లాలతో కడిగితే కడిగిన మందు కూడా సాక్ష్యాన్ని కొంత మారుస్తుంది గనక అన్నిటికీ ఒకే వైద్యం చెయ్యాలి. "స్వీడన్ వాళ్ళ మాటే ఖాయమా?" అన్నాను. "నిల్సోనియా రంధ్రాలు ఇప్పటికీ సైకస్ వైపే సాక్ష్యం చెబుతున్నాయిగా. ఒక సాక్షి మాటకే కేసు కొట్టేస్తారా?" అంది. ఈ పిల్ల ప్లీడరీ చదివినా రాణించేది.

కనుమనాడు మా వీధి చివర మామ్మగారు పండగ పలకరింపుకి వచ్చారు. ఎనభై దాటిన మనిషి, మనసులో కల్మషం లేదు, నోటికి గడియా లేదు. అక్కయ్యనీ పిల్లనీ మార్చిమార్చి చూసి, "అమ్మ పోలికా రాలేదు, నాన్న పోలికా రాలేదు, ఎవరి పోలికే తల్లీ నువ్వు?" అన్నారు. అక్కయ్య లేచింది. కాఫీకే లేచిందని నాకు తెలుసు. పిల్ల ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, "ఆకుల పోలిక అయితే చెబుతా మామ్మగారూ. మనుషులకి మా మిషను పనిచెయ్యదు" అంది. మామ్మగారికి చెవుడు. "ఆకులా? ఇంట్లో తమలపాకులు దండిగా వున్నాయే, పంపిస్తాలే" అన్నారు. అక్కయ్య కూడా నవ్వింది. ఆవేళ కాఫీ తొందరగానే వచ్చింది.

ఆ సాయంత్రం ప్రయోగశాల స్నేహితులకని అక్కయ్య అరిసెలు డబ్బాలో సర్దించింది. పిల్ల కింద కూర్చుని ఒక్కొక్కటీ పెడుతూ "లాభం, రెండు, మూడు, నాలుగు" అని లెక్కపెడుతోంది. మా బావగారి నాన్నగారు కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనడానికి ఎప్పుడూ లాభం అనేవారు. బావగారికీ అదే అలవాటు. ఆఖరికి మాత్రలు మింగేటప్పుడు కూడా అలాగే లెక్కపెట్టుకుంటారు. ప్రయోగశాలలో సీసాలు కూడా ఇలాగే లెక్కపెడుతుందట. పక్కనున్న బెంగాలీ పిల్ల ఇది తెలుగు అంకె కాబోలనుకుని నేర్చేసుకుందట. మా ఆవిడ గుమ్మంలో నిలబడి నావైపు చూసింది. ఈసారి ఏమీ అనలేదు.

వెళ్ళేముందురోజు బావగారు పెట్టెలోంచి గుడ్డలో చుట్టిన రాతిపలక ఒకటి తీశారు. ఒంగోలు వైపు వుద్యోగం చేసే స్నేహితుడెవరో, కూతురు ఇలాంటి చదువు చదువుతోందని విని, వేమవరం దగ్గర నేల తవ్వుతుంటే బయటపడిందని ఇచ్చాడట. ఆ వూరు శిలాజాల లోకంలో అనామకం కాదు. భారత భూగర్భ సర్వేలో పనిచేసిన ఓటోకార్ ఫైస్ట్‌మాంటెల్, మద్రాసు తీరపు శిలాజ వృక్షాల మీద 1879లో వేసిన గ్రంథంలో వేమవరం ఆకుల్ని వర్ణించాడు. మన పొలాల కింద, మనం వరీ పొగాకూ వేసే నేల కింద ఇలాంటివి వున్నాయని ఎవరూ మాకు బళ్ళో చెప్పలేదు.

పాలిపోయిన రంగు పలక. దాని మీద చెయ్యెడు పొడుగు ఆకు, మధ్య ఈనె, అటూ ఇటూ దువ్వెన పళ్ళలా చిన్న ఆకులు. ఇప్పుడే ఎవరో అద్దినట్టుంది. పిల్ల భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. టిలోఫిల్లం అంది. బెన్నెటైట్ల కుటుంబం. మా అందరికీ ఉత్సాహం వచ్చింది. స్వీడన్ ఆకుల పక్కన మన వేమవరం ఆకు! బావగారైతే పేపర్లో పడుతుందా అని కూడా అడిగారు.

"దీన్ని పరీక్షించడానికి లేదు నాన్నా" అంది.

ఆకు పోయింది. చర్మం కూడా పోయింది. మెత్తటి మట్టి మీద పడిన ముద్ర ఒక్కటి గట్టిపడి మిగిలింది. కిరణం వేస్తే మట్టి గుర్తులే వస్తాయి గాని ఆకువి రావు. ఈనెలు లెక్కపెట్టవచ్చు, కొలతలు తీసుకోవచ్చు, లోపల ఏముండేదో అడగడానికి ఎవరూ లేరు. నాకు అమరావతి రాతిముక్క మీది 'నాగబు' అన్న మాట జ్ఞాపకం వచ్చింది. ఒక్క మాటే. ముందు ఏముందో, తరవాత ఏముందో తెలియదు. ఆ ఒక్కమాట మీద మావాళ్ళు ఎన్ని పేజీలు రాశారు!

"అయితే పారెయ్యాలా?" అన్నారు బావగారు. గొంతు కొంచెం తగ్గింది.

"అయ్యో, పారెయ్యడమేమిటి నాన్నా?" అని పిల్ల పలకని రెండు చేతులా అందుకుంది. ఇదే జాతి ఆకులు, చర్మం నిలిచినవి, రాజమహల్ వైపు దొరుకుతాయనీ, వేసవి తరవాత వాటి మీద పని మొదలుపెడుతుందనీ చెప్పింది. వాటి ఫలితం ఈ ముద్రకి వర్తిస్తుందని చెప్పలేరు, వర్తించదనీ చెప్పలేరు. ఇది మాత్రం తన బల్ల మీదే వుంటుందంది.

అక్కయ్య పాత చీర చింపి ఇచ్చింది. పలకని అందులో చుట్టి, పైన కాగితం అంటించి, పిల్ల నా కలం అడిగి తీసుకుని రాసింది: "టిలోఫిల్లం. వేమవరం. ముద్ర మాత్రమే. నాన్న ఇచ్చినది."